టికె ఉప్పు

బరంపురంలో మధ్యాహ్నం రెండింటికి
కరెంటు పోయేసరికి
నా దగ్గర నలభై లక్షల ఢీలు పోగయ్యాయి.
ఒక్కటీ నిజంగా జరిగింది కాదు.

ప్రోటానుకి ప్రోటాన్ ఎదురొస్తుంది.
కంప్యూటరు పాచికలు వేస్తుంది.
దూరమైపోతున్న క్వార్కుల మధ్య తీగ ఒకటి బిగుసుకుని
తెగుతుంది, తెగిన చోటల్లా
ఒక కొత్త జంట.
ఎంత బిగువుకి తెగాలో సిద్ధాంతం చెప్పదు,
ఖాళీ వదిలి నువ్వే చూసుకో అంటుంది.
అలాంటి ఖాళీలు పద్దెనిమిది.
వాటిల్లో ఎవరో ముందే పెట్టిపోయిన అంకెలు,
అద్దె గదిలో పాతవాళ్ళు కొట్టిన మేకుల్లా.

రెండేళ్ళుగా ఒక్కో మేకూ కదిపి చూస్తున్నాను.

పయాన్లు కుదిరాయి. కేయాన్లు కొంచెం తక్కువ.
లాంబ్డాల దగ్గరికొచ్చేసరికి
నా గీత కొలిచిన చుక్కల కిందనుంచి
పలకరించకుండా వెళ్ళిపోతుంది.
స్ట్రేంజ్ క్వార్కు ఎక్కడుంటే అక్కడ ఇదే తంతు.
దాన్ని పెంచబోతే పయాన్లు అలుగుతాయి.
"ప్రతి చుక్కనీ ముట్టుకుంటూ పోయే గీతని నమ్మకు,"
అంటారు పాఢీ సారు,
"అది నేర్చుకోలేదు, బట్టీ పట్టింది."

కింద వరండాలో రోకలి ఆగింది.
ఇంటావిడ లచ్చాయమ్మ అప్పడాల పిండి చిదిమి
నాలిక మీద పెట్టుకుంది.
ఝిల్లి ఒడియాలో ఏదో అడిగింది.
"టికె ఉప్పెయ్యి," అంది ఈవిడ.
ఇద్దరి మధ్యా ఎన్ని భాషలు నడిచాయో ఇద్దరికీ తెలీదు.

టికె అంటే కాస్త. అది నాకూ తెలుసు.
"కాస్తంటే ఎన్ని గ్రాములు?" అన్నాను మెట్ల మీదనుంచి.
ఆవిడ నా వంక జాలిగా చూసింది.
"పప్పు ఏ ఊరిదో ముందు సెప్పు, బావూ."

నిన్నటి మినప్పప్పు రాయగడది, ఇవాళ్టిది ఛత్రపురం కొట్టుది,
గాలి గోపాలపురం వైపునుంచి తడిగా వస్తోంది.
"అన్నీ ఒక్కమారే మార్సీకు.
ఉప్పు మార్సిన్రోజు కారం ముట్టుకోకు.
మరి దేనివల్ల సెడిందో ఏటి తెలుస్తాది?"

వేయించిన మొదటి అప్పడం ఆవిడ తినదు.
"పొద్దుట్నించీ సూసి సూసి నా నాలిక దొంగయిపోనాది," అని
ఎదురు సైకిలు షాపు బెహరాకి పంపింది,
పిండి మొహం చూడనివాడికి.

నేను మేడెక్కి చీకట్లో కూర్చున్నాను.
మూడు వారాలుగా
ఏ చుక్కలతో సర్దానో ఆ చుక్కలనే సాక్ష్యం పిలిచి
సరిపోయింది, సరిపోయింది అనుకుంటున్నాను.
నాకొక బెహరా లేడు.

ఆమధ్య ఫారం పట్టుకొచ్చిన కుర్రాడు
మాతృభాష అని అడిగాడు. ఒకటే గడి.
"లెక్క తెలుగులో ఎడతాను, తిట్టు ఒడియాలో తిడతాను,
నీకేది కావాల?" అంది లచ్చాయమ్మ.
వాడు కాసేపు పెన్ను కొరికి ఏదో రాసుకున్నాడు.
ఆ గీతా ఎక్కడో
మా చుక్కల కిందనుంచే పోయుంటుంది.

నాలుగుంబావుకి ఫ్యాను తిరిగింది.
కొన్ని చుక్కలు విడిగా తీసి ఇంకో ఫోల్డరులో పెట్టి
ఇవాళ చూడనని ఒట్టేసుకున్నాను.
మిగతా పదిహేడు మేకులూ వదిలేసి
ఒక్కటి కదిపాను, మూడో దశాంశం దగ్గర.
కారణం రాయాల్సిన చోట
టికె అని రాశాను.
పాఢీ సారు నవ్వుతారు. ఆయనకి తెలుసు.

లాంబ్డాలు ఇంకా తక్కువే.
మునుపటంత కాదు, అనాలనుంది,
కానీ ఆ మాట అనాల్సింది నేను కాదు.

వీధిలో సైకిలు బెల్లు.
"మావుసీ," బెహరా అరుస్తున్నాడు,
"ఉప్పెక్కువైంది!"